గ్యాసు, గ్యాసునూనె

మొన్న సిలిండర్ మారుస్తుంటే రెగ్యులేటర్ సరిగా కూర్చోక రెండు క్షణాల పాటు బుస్సుమని గ్యాసు బయటికి వచ్చింది. మా ఆయన గబగబా కిటికీలు తెరిచి, ఎవరూ స్విచ్చులు ముట్టుకోవద్దని ఇల్లంతా వినబడేలా చెప్పి, నన్ను వంటింట్లోంచి అవతలికి పొమ్మన్నాడు. నేను పోలేదు. అందరినీ భయపెట్టే ఆ వాసన నాకు మాత్రం ధైర్యం ఇస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, ఇక ఊపిరి ఆడుతుందిలే అని ఒళ్ళు దానంతట అదే కుదుటపడుతుంది. ఇది పిచ్చి అని నాకూ తెలుసు. ఆ పిచ్చి నాకు సిద్దిపేటలో, తొంభైల నడుమ, పదేళ్ళ వయసులో పట్టుకుంది.

ఉబ్బసాన్ని మా వైపు దమ్ము అంటారు. ఏ చెట్టో ఎక్కే పందెం పెట్టి "దమ్ముంటే రా" అని పిల్లలు సవాలు చేస్తే, నాకున్నంత దమ్ము ఈ వాడకట్టులో ఎవరికీ లేదని జవాబు చెప్పి, అరుగు మీద కూర్చునేదాన్ని. కూర్చోవడం నాకు చేతకాని పని. కాళ్ళు ఊపుతూ, గోళ్ళు కొరుకుతూ, కచ్చకాయలు ఆడుతూ ఆడుతూ మధ్యలో లేచిపోతూ, ఒళ్ళో నిప్పు పోసుకున్నట్టు తిరిగే పిల్లకు దేవుడు ఉరకడానికి చాలని ఊపిరి ఇచ్చాడు. వానలు వెనకబట్టి చలి ముందుకొచ్చే రోజుల్లో, ఊరంతా తంగేడు, గునుగు పూలు మోపులు మోపులుగా తెచ్చుకుని బతుకమ్మలు పేర్చే రోజుల్లో, కోమటి చెరువు మీదనుంచి సాయంత్రం చల్లగాలి రాగానే నా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అమ్మ రొట్టెలు చిదిమి, బెల్లం కలిపి, నెయ్యి పోసి కట్టిన మలీద ముద్దలు కూడా ఒక్కొక్క ముద్దకు ఆగి, ఊపిరి తీసుకుని తినాల్సి వచ్చేది. తోటి పిల్లలు రెండో ముద్దకు చెయ్యి చాపేసరికి నేను మొదటిదాన్ని సగం చేసేదాన్ని కాదు. దానికి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

హైదరాబాదులో ఒక డాక్టరు చూసి ఆవిరి మిషన్ రాసిచ్చాడు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కునూ నోటినీ కప్పే తొడుగు. చిన్న గిన్నెలో మందు చుక్కలు వేసి స్విచ్ వేస్తే గుర్రుమంటూ తెల్లటి ఆవిరి వచ్చేది. పది నిమిషాలు పీలిస్తే ఛాతీ మీద కూర్చున్నదేదో లేచిపోయేది. ఇంత మంచి మిషన్‌కు ఉన్న లోపం ఒక్కటే, అది కరెంటు మీద నడిచేది. మా కరెంటు సంగతి దానికి తెలియదు.

సాయంత్రం ఆరు దాటాక కరెంటు ఎప్పుడు పోతుందో, అరగంటకు వస్తుందో గంటకు వస్తుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. పోగానే వాడకట్టు పిల్లలంతా ఒక్క ఉరుకుతో బయటపడి, దాగుడుమూతలు, దొంగాపోలీసు, గోల గోల. రాగానే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా 'ఓ' అని ఒక్క కేక. వాళ్ళకది రోజూ ఉత్తపుణ్యానికి వచ్చే జాతర. నేను గేటు పట్టుకుని నిలబడి, ఛాతీలో కూత మొదలైందా లేదా అని వింటూ ఉండేదాన్ని. మా నాన్న, మేము బాపు అంటాం, గడప నుంచి గేటు దాకా, గేటు నుంచి గడప దాకా తిరుగుతూ, వెళ్ళిన ప్రతిసారీ స్విచ్ నొక్కి చూసి వచ్చేవాడు, తన వేలు తగలక కరెంటు ఆగిపోయినట్టు.

ఒక సాయంత్రం తొడుగు పెట్టుకున్న రెండు నిమిషాలకే కరెంటు పోయింది. ముప్పావు గంటైనా రాలేదు. నా పెదవులు నల్లబడుతుంటే అమ్మ నన్ను పొట్టకు అదుముకుని స్కూటర్ వెనక కూర్చుంది. దవాఖానాకు వెళ్ళే దారి పొడుగునా బాపు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, రెండుసార్లు ఎదురొచ్చిన ఎడ్లబండికి తగిలించబోయాడు. మర్నాడు దుకాణం తెరవకముందే నిర్ణయం జరిగిపోయింది. ఇంటికి చిన్న జనరేటర్ కొనాలి.

బాపుది బజారులో స్టీలు సామాన్ల దుకాణం. చిన్నకోడూరు, మిరుదొడ్డి నుంచి పెళ్ళిసామానుకు వచ్చేవాళ్ళ ముందు బిందెను ఎత్తిపట్టి, వేలి కణుపుతో టంగుమని తట్టి, ఆ మోత విని పలుచనో మందమో చెప్పడం ఆయన విద్య. ఏది కొన్నా అంతే. గుమ్మడికాయనూ తట్టేవాడు, మట్టికుండనూ తట్టేవాడు, నా వీపునూ తట్టి చెవి ఆనించి వినేవాడు. జనరేటర్ విషయంలో మాత్రం తట్టడానికి ఊళ్ళో ఏమీ దొరక్క, వచ్చిన గిరాకీనల్లా అడగడం మొదలుపెట్టాడు. పెళ్ళి పందిళ్ళకు పెట్టే డీజిల్‌ది నలుగురు మోస్తే గాని కదలదు. దాని చప్పుడుకు పిల్లకు జ్వరమొస్తుంది. పెట్రోలుది చిన్నదే, కానీ దేవుడి దగ్గర దీపం వెలిగే ఇంట్లో డబ్బాల కొద్దీ పెట్రోలు పెట్టనివ్వనని అమ్మ తెగేసి చెప్పింది. ఇక మిగిలింది గ్యాసునూనెది. రేషన్ దుకాణంలో ఇచ్చే నీలంరంగు గ్యాసునూనె మా ఇంట్లో రెండు డబ్బాలు నిలవ ఉండనే ఉంది. బాపుకు ఒకటే బెంగ, దానికి పొగ వస్తుంది, నాకు పొగ పడదు. ఇరవై రోజులు ఆయన అన్నం సరిగా తినలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కిరోసిన్‌ను మేము గ్యాసునూనె అంటాం. మా ఇంట్లో వాడీ వాడీ చివర్న ఉన్న నూనె కూడా ఆవిరైపోయి వట్టి గ్యాసు మిగిలింది. దీపంలో గ్యాసు నింపు, గ్యాసు డబ్బా మూత పెట్టు, ఇట్లా. రెండేళ్ళ కింద వంటింట్లోకి అసలు గ్యాసు వచ్చినా దాని పేరు సిలిండర్ అయింది గాని గ్యాసు కాలేదు, ఎందుకంటే ఆ పేరు మీద అప్పటికే వేరొకరు కూర్చుని ఉన్నారు. ఎన్నో ఏళ్ళు ఎదురుచూస్తే వచ్చిన ఆ ఒక్క సిలిండర్‌కు అమ్మ మొదటిరోజు పసుపుకుంకుమ పెట్టింది. వాడకట్టులో మొదట వచ్చింది మాకే.

హైదరాబాదులో నన్ను మళ్ళీ డాక్టరుకు చూపించి, ఆ మధ్యాహ్నమే బాపు జనరేటర్ల దుకాణానికి తీసుకుపోయాడు. దుకాణదారుది కోస్తా మాట, గౌరవం మెండు. ఎర్రటి పెట్రోలు మిషన్ ఒకటి తాడు లాగి నడిపించి చూపించాడు. బాపు అలవాటుకొద్దీ దాన్ని కణుపుతో తట్టి, బాగానే ఉందన్నట్టు తల ఊపి, నెమ్మదిగా అడిగాడు.

"మాకు గ్యాసుది గావాలె. పొగ వస్తదా? పిల్లకు దమ్మున్నది."

"గ్యాసుదైతే పొగే ఉండదండీ. వాసన కూడా రాదు. మనిషి ఒక్కడే ఎత్తి పెట్టుకోవచ్చు."

బాపు ముఖం వెలిగిపోవడం నాకు బాగా గుర్తు. పొగ లేని గ్యాసునూనె మిషన్ లోకంలో ఎక్కడుంటుందని ఒక్క క్షణమైనా అనుమానించాల్సింది. కానీ ఇరవై రోజుల నుంచి ఆయన వినాలనుకున్న మాట అదే. గ్యాసుది గోడౌన్‌లో ఉందని, కట్టించి బస్సు మీద వేస్తామని అతను అన్నాడు. బాపు సరేనన్నాడు. తిరుగు బస్సులో నాకు బత్తాయిలు కొని, తను కిటికీ కడ్డీ మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ వచ్చాడు.

మూడోరోజు అట్టపెట్టె వచ్చింది. పెరట్లో విప్పుతుంటే గోడ మీదనుంచి పక్కింటివాళ్ళు కూడా చూస్తున్నారు. బాపు ఒక చేత గ్యాసునూనె డబ్బా, ఒక చేత గరాటు పట్టుకుని, మిషన్ చుట్టూ ప్రదక్షిణ చేశాడు. పొయ్యడానికి జాగ కనబడలేదు. పెట్టె అడుగునుంచి నారింజ రంగు రబ్బరు గొట్టం, దాని చివర ఒక నల్లటి బిళ్ళ బయటపడ్డాయి. ఆ బిళ్ళను అమ్మ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, గొంతు ఏమాత్రం పెంచకుండా చెప్పింది.

"గిది గ్యాసునూనెది గాదు. సిలిండర్ది."

బాపు గరాటు కింద పెట్టి, తులసికోట గట్టు మీద కూర్చుండిపోయాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకునేది లేదని బిల్లు మీదే రాసి ఉంది. ఉన్నది ఒక్క సిలిండర్, రెండోది ఇవ్వరు, అయిపోతే మళ్ళీ వచ్చేది ఏ నెలకో. పోనీ రేపు హైదరాబాదు పోయి కాళ్ళావేళ్ళా పడి చూస్తానన్నాడు. నేనైతే లోపల్లోపల సంబరపడ్డాను, ఇంత పెద్ద మనిషీ పప్పులో కాలేశాడని.

ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఏడింటికి కరెంటు పోయింది, నా ఛాతీలో కూత వచ్చింది. బాపు స్కూటర్ తాళంచెవి కోసం చీకట్లో వెతుకుతూ దేవుణ్ణీ నన్నూ కలిపి తిడుతున్నాడు. పొయ్యి మీద అన్నం సగం ఉడికి ఉంది. అమ్మ మంట ఆపి, రెగ్యులేటర్ పీకి, సిలిండర్‌ను అడుగంచు మీద దొర్లించుకుంటూ వంటింటి గడప దాటించి, పెరట్లోకి తెచ్చింది. దాని మీద మిషన్ గొట్టానికున్న నల్ల బిళ్ళ బిగిస్తుంటే బుస్సుమని కాస్త గ్యాసు నా ముఖాన కొట్టింది. తాడు మూడోసారి లాగితే మిషన్ అందుకుంది. వీధంతా చీకటి, మా కిటికీ ఒక్కటి వెలుగు, నా ముక్కు మీద తొడుగు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ పలుకుపలుకుగా ఉన్న అన్నం తిన్నాం, అంత రుచైన అన్నం నేను మళ్ళీ తినలేదు.

కొన్నాళ్ళు సిలిండర్ పగలు వంటింట్లో, పొద్దుగూకితే పెరట్లో ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం కూర మీద ఉండగానే మంట ఆరిపోయింది. ముందురోజే బాపు దాన్ని తట్టి, ఇంకా సగం ఉందని చెప్పాడు. ఆ సాయంత్రం దైవికంగా కరెంటు పోలేదు, నాకు కూతా రాలేదు. అయినా పడుకునేదాకా అమ్మ స్విచ్ బోర్డు కింద గోడకు ఆనుకుని, బల్బును చూస్తూ కూర్చుంది. అడిగితే కాళ్ళు గుంజుతున్నాయని చెప్పింది.

కొత్త సిలిండర్ వచ్చాక దాన్ని ఇక వంటింట్లోకి రానివ్వలేదు. తిన్నగా జనరేటర్ పక్కనే పెట్టించింది. ఈసారి సరిగ్గా తట్టి చెబుతానని బాపు అంటే అడ్డుకుంది.

"గిన్నెలు తట్టి సూడుండ్రి. పిల్ల సంగతి తట్టి సూసేది గాదు."

పెరటి మూలన రేకుల అర్రలో వత్తుల స్టవ్ పెట్టుకుంది. నిలవ ఉన్న గ్యాసునూనె దానికి పనికొచ్చింది. గ్యాసునూనె దొరకని వారాల్లో కట్టెలు. పొగ నా దాకా రాకూడదని తలుపు లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకుని వండేది. తలుపు తడితే, "గీడికి రాకు బిడ్డా, పొగ" అని లోపల నుంచే పంపేసేది. వంటింట్లో గ్యాసు పొయ్యి మీద గుడ్డ కప్పి, దాని మీద ఊరగాయ జాడీలు పెట్టింది. నేను ఇంటర్ పూర్తి చేసి, నా దమ్ము దానంతట అదే తగ్గి, ఇంటికి రెండో సిలిండర్ వచ్చేదాకా, ఏడేళ్ళు. ఎర్రటి కళ్ళతో బయటికొచ్చి నా తల దువ్వబోతే, నీ దగ్గర గ్యాసునూనె వాసన వస్తోందని ముఖం తిప్పుకునేదాన్ని. ఆమె పోయి చేతులు సబ్బుతో తోముకుని మళ్ళీ వచ్చేది. ఇది తలచుకుంటే నన్ను నేనే లాగి కొట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు ఆ రేకుల అర్ర లేదు, జనరేటర్ పాత సామాన్లవాడి బండిలో పోయింది, బాపు పోయి ఆరేళ్ళయింది. కరెంటు పోవడమే అరుదు. పోతే బయటికి ఉరికే పిల్లలు లేరు, వస్తే 'ఓ' అని అరిచేవాళ్ళూ లేరు. రేషన్‌లో నీలంరంగు నూనె ఇవ్వడం లేదు, దాని పేరు పలికేవాళ్ళూ తగ్గిపోయారు. ఆవిరి మిషన్ అరచేతిలో పట్టేంత చిన్నదై, బ్యాటరీ మీద నడుస్తోంది. మా ఇంట్లో ఇప్పుడు కూడా ఒకటి ఉంది. అమ్మకు.

పోయిన నెల సిద్దిపేటలోనే ఆమెను ఛాతీ డాక్టరుకు చూపించాను. కుర్రవాడు, మా పక్క మండలం వాడే. ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూసి, కట్టెల పొయ్యి మీదనో కిరోసిన్ స్టవ్ మీదనో చాలా ఏళ్ళు వండారా అని అడిగాడు. అమ్మ నా వైపు చూడకుండా జవాబు చెప్పింది.

"లేదు సారు. మాకు గ్యాసు ఉండె. మా వాడకట్టుల అందరికన్న ముందు మాకే వచ్చింది."

ఆయన రాసుకోబోయాడు. ఆగమన్నాను. గ్యాసు ఉన్నమాట నిజమే గాని అమ్మ ఏడేళ్ళు వండింది గ్యాసునూనె మీద అని చెప్పాను. ఆయన పెన్ను ఆపి, అర్థంకాక నన్ను చూశాడు.

"రెండు ఒకటే గద మేడం?"

బల్ల కింద అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఊరుకొమ్మని గట్టిగా నొక్కింది. చిన్నప్పుడూ ఊరుకోలేదు నేను, ఇప్పుడేం ఊరుకుంటాను.

"కాదు సార్. గ్యాసు నాకు ఇచ్చింది, గ్యాసునూనె ఆమె వాడుకున్నది. గట్లనే రాయుండ్రి."