ఒక్క మోకాలి ప్రార్థన

గోదావరిఖనిలో మా కార్మికుల కాలనీ చర్చిలో అందరూ రెండు మోకాళ్లూ ఆనించి ప్రార్థించేవారు. మా బాపు మాత్రం ఎడమ మోకాలు ఆనించి, కుడి పాదం నేలమీద నిలిపి ఉంచేవాడు. బొగ్గుబావిలో నిటారుగా నిలబడే ఎత్తు లేనిచోట అలాగే పనిచేసేవారట. రూఫు, అంటే బావి పైకప్పు, కూలబోతూ చప్పుడు చేస్తే లేచి ఉరకడానికి ఒక కాలు సిద్ధంగా ఉండాలి.

"దేవుని మీద నమ్మకం లేదా? గీడ గూడ ఒక్క మోకాలేనా?" అని అమ్మ దెప్పేది.

"దేవుని మీద ఉన్నది. రూఫు మీదనే లేదు," అనేవాడు బాపు.

లేఖనంలో ఒక దాసుడు, యజమాని కొడుకుకు పెండ్లికూతురిని వెదకబోయి, బావి దగ్గర ఒంటెలను మోకరింపజేస్తాడు. ఆదివారపు బడిలో విన్న ఆ ఒంటెలే తర్వాత నా ఉద్యోగమయ్యాయి. వాటి మోకాళ్ల కింది మెత్త అంత బరువును ఎలా మోస్తుందో ఏళ్ల తరబడి పరిశోధించాను. అప్పటికి బాపు రిటైరయ్యాడు. మోకాళ్లు అరిగి, చర్చిలో వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు.

"ప్రభువు బల్ల కాడ ఒక్కసారి మోకరిస్తే సాలు బిడ్డా," అనేవాడు ఫోన్లో.

ఒంటె మెత్తను చూసి రెండు మోకాళ్లకూ తొడుగులు చేశాను. బరువు రెండింటిమీదా సమంగా పడుతుందనుకున్నాను. అవి తీసుకుని ఊరికి వచ్చిన ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పంచే ఆ బల్ల ముందు బాపు ఎడమ మోకాలే ఆనించాడు. భారమంతా ఒక్కవైపే పడి తొడుగు జారింది. ఒరిగిపోతుంటే పట్టుకున్నాను. చిన్నప్పటినుంచి వారం వారం చూసినదాన్నే కొలతల్లో మరిచిపోయాను.

"ఒంటెకు రెండూ అలవాటేమో. నాకు ఒక్కటే," అని నవ్వాడు.

ఎడమకాలికే వేరే తొడుగు మొదలుపెట్టాను. అది పూర్తయ్యేలోపు నొప్పి ఓర్వలేక దవాఖానలో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇక మోకరించొద్దని డాక్టరు చెప్పాడు. కొత్త తొడుగు ఒక్కసారీ తొడగకుండా నా ప్రయోగశాలలోనే ఉండిపోయింది.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు చర్చిలో బాపు కుర్చీ పక్కన మోకరించాను. నాకు తెలియకుండానే కుడి పాదం నిలిపే ఉంచాను. ఆయన వంగి, చెవిలో మెల్లగా అన్నాడు.

"రెండూ ఎయ్యి బిడ్డా. రూఫు నేను జూస్త."

రెండూ ఆనించాను. ఏమడగాలని వచ్చానో నా దేవునికి తెలుసు. అయినా బాపు మోకాలి కోసం ఆరోజు కూడా అడిగాను.