సాంసన్ కడగని మరక

మునగాల హైవే పక్కన కార్లు కడిగే సాంసన్‌కు ఉప్పు మరకను బరబరా రుద్దేవాళ్లంటే ఒళ్లుమంట. గోరువెచ్చని నీళ్లలో వెనిగర్ కలిపి కార్పెట్‌ను తడుపుతాడు, గుడ్డతో అద్దుతాడు. ఆఖరికి అక్కడ వేలు ఒత్తి, నాలుకకు ఆనించి ఉప్పు పోయిందో లేదో చూస్తాడు. మొన్న ఒక కారులో మరకను ఒకసారి అద్ది వేలు ఒత్తగానే, యజమాని పక్కనే నిలబడి, "మా డ్రైవర్ యేసోబు సచ్చిపోతే బొందల పోసేటందుకు ఉప్పు బస్తా తీస్కపోయినం. గీడ ఒలికింది. సావు ఉప్పు, మైల. జర ఆనవాలు లేకుంట తియ్యి" అన్నాడు.

సాంసన్ వేలు నాలుక దాకా వెళ్లి ఆగింది. "ఎన్నేండ్లు నడిపిండు సార్, ఈ బండి?"

"పదకొండు. అయితేంది?"

సాంసన్ బకెట్‌ను కాలితో తన్నాడు. నీళ్లు యజమాని చెప్పుల దాకా పారాయి.

"అయితే ముందుగాల స్టీరింగ్ పీకి పారేయుండ్రి సార్! పదకొండేండ్లు అది ఆయన చేతులల్లనే ఉండె."