మా అమ్మ గురించి ఫ్రెంచిలో ఒక ముక్క

ఫ్రెంచి మాట ఎక్కడ వినబడినా నేను అక్కణ్ణించి లేచిపోతాను. ఆ భాషది తప్పేం లేదు, పాపం దాని మానాన అది ఉంది. మాకు దాన్ని నేర్పిన తీరు తలుచుకుంటే రోత. నేను నేర్చుకున్న తీరు తలుచుకుంటే ఇంకా రోత.

మాది భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. నాన్న వేటకి వెళ్తే, అమ్మ పొద్దున్నే తట్ట సర్దుకుని ఆటోలో విజయనగరం వెళ్ళి వీధుల్లో చేపలమ్మేది. అదే ఆటోలో, తట్టల మధ్యన, తెల్ల సాక్సులు తడవకుండా కాళ్ళు పైకి ముడుచుకుని నేను ఇంగ్లీషు మీడియం స్కూలుకి పోయేదాన్ని. ఎనిమిదో తరగతిలో చేర్చినప్పుడు ఆఫీసులో అమ్మతో అన్నారు: తెలుగు తీసుకుంటే మార్కులు కోసేస్తారమ్మా, ఫ్రెంచి అయితే వందకి వంద. అమ్మ నావైపు తిరిగింది. "మనూల్లో ఎవులికీ రాని బాస గదేటే, నేర్సుకో" అంది.

నేర్చుకోవడమా, నా మొహం! పాఠ్యపుస్తకం సంచిలోనే ఉండేది. గైడులో పది జవాబులు గుర్తు పెట్టించి, వాటినే ఏడాదంతా రుబ్బించారు. నా ఇల్లు, స్నేహితుడికి ఉత్తరం, నా కుటుంబం. ఆ కుటుంబంలో నాన్న ఇంజినీరు, అమ్మ డాక్టరు, ఇల్లు పారిస్‌లో, ఒక తెల్ల పిల్లి. క్లాసులో అందరికీ ఒకే నాన్న, ఒకే అమ్మ, ఒకే పిల్లి. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన పిల్ల ఒకతె లేచి, "మేడం, మా నాన్న వీణలు చేస్తారు, అది ఎలా చెప్పాలండీ?" అని అడిగింది. "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నారు మేడం. ఆ పిల్ల కూర్చుంది. మళ్ళీ ఎప్పుడూ ఏదీ అడగలేదు.

ఒకరోజు సంస్కృతి పాఠం అన్నారు. మేడం వైజాగ్ నుంచి ఏదో ఖరీదైన చీజు ముక్క తెచ్చారు. డబ్బా మూత తీయగానే, ఛీ, వానలో తడిసి రెండు రోజులు మూలన పడున్న సాక్సుల కంపు! అందరం వరసగా ముక్కు దగ్గర పెట్టుకుని "సూపర్ మేడం" అన్నాం. ఇదే క్లాసు అంతకు ముందు వారమే నా క్యారేజీలో ఎండు నెత్తళ్ళ చేపల వేపుడు చూసి ముక్కులు మూసుకుంది. నన్ను వరండాలో కూర్చుని తినమంది. ఆ రోజు అందరికన్నా గట్టిగా సూపర్ అన్నదాన్ని నేనే. ఇంటికెళ్ళి, ఇక నుంచి బంగాళాదుంపే పెట్టమని అమ్మ మీద ఎగిరాను.

ఒక ఆదివారం వల బాగుచేస్తూ అమ్మ అడిగింది.

"ఒసే, నా గురించి ఆ బాసలో ఒక ముక్క సెప్పవే, ఇంతాను."

అమ్మ గురించి నాకు వచ్చిన ముక్క ఒకటే ఉంది. "మా మేర్ ఎ మెద్సాన్" అన్నాను.

"అంటే ఏటి?"

మా అమ్మ డాక్టరు అని చెప్పడానికి నోరు రాలేదు. "మా అమ్మ చేపలమ్ముతుంది అని" అన్నాను.

అమ్మ మొహం ఎంత వెలిగిందో! పదిసార్లు చెప్పించుకుంది, కంఠతా పట్టేసింది. మర్నాటి నుంచి బేరాలప్పుడు, చేప తాజాదని మొప్ప ఎత్తి ఎరుపు చూపిస్తూనే, "మా గుంట నా గురించి ఫ్రెంచిలో సెప్పింది, ఇనండమ్మా" అని ఆ ముక్క అప్పజెప్పేది. కొనేవాళ్ళు నవ్వేవారు, అమ్మా నవ్వేది. సెలవు రోజుల్లో తోడు వెళ్ళిన నేను మాత్రం నేల చూపులు చూసేదాన్ని.

ఆ ఏడు స్కూల్లో ఫ్రెంచి డే పెట్టారు. నేను ఇంట్లో చెప్పలేదు. దరిద్రం, స్కూలు వాళ్ళు ఫోనుకి మెసేజీ పెట్టారు, పక్కింటాయన చదివి వినిపించాడు. అమ్మ ఆ రోజు సరుకు తొందరగా అమ్మేసి, చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని, తట్ట గేటు దగ్గర వాచ్‌మన్‌కి అప్పగించి, హాల్లో వెనక వరసలో కూర్చుంది. మేం అట్ట టోపీలు పెట్టుకుని స్టేజీ మీద నిలబడ్డాం. ఒకరి తర్వాత ఒకరు మైకు దగ్గరికెళ్ళి "నా కుటుంబం" కక్కుతున్నారు. మొదటి పిల్ల మా మేర్ ఎ మెద్సాన్ అంది. రెండోవాడూ అదే అన్నాడు. మూడో పిల్లా అదే.

అమ్మ చుట్టూ చూసింది. పట్టుచీరల వాళ్ళని ఒక్కొక్కరినే చూసింది. ఆనందం పట్టలేక పక్కనున్నావిడ చెయ్యి పట్టుకుంది.

"ఒలమ్మ, మీరూ సేపలే అమ్ముతారేటమ్మా? ఏ ఈదిలోన?"

అమ్మది వీధి చివరికి వినబడే గొంతు. హాలంతా తిరిగి చూసింది. ఆవిడ చెయ్యి విదిలించుకుని, "ఛీ, ఏంటా మాట! మా పాప వాళ్ళమ్మ డాక్టరు అని చెబుతోంది" అంది. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. అమ్మ స్టేజీ మీదున్న నాకేసి చూసింది.

సరిగ్గా అప్పుడే నా వంతు వచ్చింది. తెలుగులో ఒక్క మాట అనొచ్చు, టోపీ తీసి కిందికి దిగిపోవచ్చు. నేను మైకు దగ్గరికెళ్ళి, ఎక్కడా తడబడకుండా, మా మేర్ ఎ మెద్సాన్ అన్నాను. మేడం నాకే ఎక్కువ చప్పట్లు కొట్టారు. ఇప్పటికీ ఆ చప్పట్లు గుర్తొస్తే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఖాళీ తట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక మెల్లగా అడిగింది.

"సేపలమ్మేదానికి ఆ బాసలో మాట లేదేటే? అందుకే అలాగ సెప్పినావా?"

"లేదు" అన్నాను.

"అయ్యో" అంది అమ్మ, కోపం లేకుండా. "మరి ఆలకి సేపలెవులు అమ్ముతారో, పాపం."

ఆ మాట ఉంది. మా పుస్తకంలోనే, దుకాణాల పాఠంలో, బల్ల మీద చేపలు పరుచుకుని నవ్వుతూ నిలబడ్డ ఆడమనిషి బొమ్మ కింద అచ్చు వేసి ఉంది. పరీక్షలో రాదని మేడం ఆ పాఠం దాటేశారు. బొమ్మ ఎవరికీ కనబడకుండా ఆ పేజీ మడిచి పెట్టింది మాత్రం నేనే.

అమ్మ ఇప్పటికీ తట్ట దించి మొప్ప ఎత్తుతూ కొనేవాళ్ళకి చెబుతుంది. "ఫ్రెంచోల్ల దేశంలోన సేపలమ్మే ఆడోలే లేరంట. మా గుంట సెప్పింది, దానికి ఆ బాస బాగా వచ్చు."