మౌస్ కదుపుతూ చేసిన ఎడిటింగ్

తొంభైల చివర్లో, ఢిల్లీలో నేను పనిచేసిన ప్రభుత్వ సంస్థ రైతులకు శిక్షణ వీడియోలు తీసేది. ఇకమీదట ఎడిటింగంతా కంప్యూటర్‌లోనే జరగాలని డైరెక్టర్ గారు నిర్ణయించి, కొనుగోలు కమిటీ వేశారు. అందులో అకౌంట్స్ ఆఫీసరు, పరిపాలనాధికారి, హిందీ అనువాద విభాగాధిపతి, కంప్యూటర్లు కాస్త తెలిసినవాడినని నేను. వీడియో సంగతి తెలిసినవాళ్లు ఉంటే నిర్ణయం పక్షపాతంగా ఉంటుందనుకున్నారో ఏమో, ఎడిటర్‌ని మాత్రం పిలవలేదు.

ఎడిటర్ గుంటూరు అమ్మాయి. బేర్ సరాయ్‌లో అద్దె గది, మా దగ్గర ఆరు నెలల కాంట్రాక్టు.

నిమిషం వీడియోకి డిస్కులో ఎంత చోటు పడుతుందో నేను కమిటీకి వివరిస్తుంటే, అకౌంట్స్ ఆఫీసరు సమోసా నములుతూ అడిగాడు.

"వో సబ్ ఠీక్ హై సాబ్. ఇస్‌మే టైపింగ్ భీ హోతీ హై?"

టైపింగ్ కూడా అవుతుందన్నాక అందరి ముఖాలూ తేటపడ్డాయి. కంప్యూటర్ల బజారైన నెహ్రూ ప్లేస్‌లో అందరికన్నా తక్కువ ధర చెప్పిన దుకాణానికి ఆర్డరు వెళ్లింది.

మెషీన్ వచ్చింది. దానికి కుంకుమతో స్వస్తిక్ గీసి లడ్డూలు పంచారు. తర్వాత కంప్యూటర్ సెక్షన్ వాళ్లు వచ్చి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కన్నా ముందు స్క్రీన్ సేవర్ ఎక్కించి వెళ్లారు. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే ఆఫీసులో ప్రతి కంప్యూటర్ తెర మీదా 'హమారా సమయ్, దేశ్ కా సమయ్' అన్న అక్షరాలు రంగులు మారుతూ తిరగాలని డైరెక్టర్ గారి సర్క్యులర్. మన సమయమే దేశ సమయమన్న ఆ నినాదం వారి సొంత రచన.

మొదటి సినిమా బిందు సేద్యం మీద. నెలాఖరున పాలక మండలి దాన్ని చూస్తుంది. సినిమా తయారైతేనే కాంట్రాక్టు పొడిగిస్తామని ఆ అమ్మాయికి ముందే చెప్పేశారు.

కానీ టేపులోని బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే, కొద్దిసేపటికే అది ఆగి ఆగి గెంతేది. మాట మాత్రం సాఫీగా సాగిపోయేది. దాంతో తెర మీద శాస్త్రవేత్త నోరు మూసుకున్నాక ఆయన ఉపన్యాసం వినిపించేది. మా అధికారుల్లో ఎవరికీ ఇది వింతగా అనిపించలేదు.

దుకాణం ఇంజినీరు వచ్చాడు.

"సర్ జీ, వోల్టేజ్ కా చక్కర్ హై."

అంతా వోల్టేజ్ గొడవేనంటే స్టెబిలైజర్ కొన్నాం. మళ్లీ వచ్చి ఢిల్లీ దుమ్ము అన్నాడు. కిటికీలకు తెరలు కట్టించాం. మూడోసారి టేపే పాడైందన్నాడు. నాలుగోసారి రానేలేదు.

ఇక నేనూ ఆ అమ్మాయీ కూర్చున్నాం. ఒకసారికి ఒక్కటే మార్చడం, ఫలితం రాసుకోవడం నా అలవాటు. కేబుల్ మార్చాం, లోపలి వీడియో కార్డు తీసి మళ్లీ బిగించాం, డిస్కు ఖాళీ చేశాం. ఆ రోజుల్లో నా డైరీ నిండా 'మార్పు లేదు' అన్న మాటే.

ఒక మధ్యాహ్నం టేపు ఎక్కుతుండగానే ఆమె ఓపిక నశించింది. మౌస్‌ని ప్యాడ్ మీద అటూ ఇటూ రుద్దుతూ కమిటీని తిట్టడం మొదలుపెట్టింది.

"టైపింగ్ అవుద్దా అని అడిగారంటగా? ఆ టైపింగే చేయించుకోమనండి సార్! నేను పోయి మా ఊళ్లో పెళ్లి వీడియోలు కోసుకుంటా!"

తిట్లు పూర్తయ్యేసరికి టేపూ పూర్తయింది. బొమ్మ ఒక్కసారి కూడా గెంతలేదు.

"ఇప్పుడేం మార్చారు సార్?"

"నేనేమీ మార్చలేదమ్మా. నువ్వే మౌస్ వదల్లేదు."

ఇద్దరం తెర వైపు చూశాం. చేతులు ఒళ్లో పెట్టుకుని, టేపు మొదటి నుంచి తిప్పాం. నినాదం తేలుతూ రాగానే బొమ్మ గెంతింది. దేశ సమయం గురించి ఆ అక్షరాలు గిరగిరా తిరుగుతుంటే, బొమ్మలు ఎక్కించుకునే తీరిక మెషీన్‌కి దొరకడం లేదు. అన్ని తెరల మీదా రోజూ కనిపించేది కాబట్టి దాన్ని చూడటం మేమంతా ఎప్పుడో మానేశాం.

స్క్రీన్ సేవర్ తీసే పాస్‌వర్డ్ కంప్యూటర్ సెక్షన్ దగ్గరుంది. వాళ్లకు డైరెక్టర్ గారి అనుమతి కావాలి. వెళ్లి అడిగాను.

"మంత్రిగారు మెచ్చుకున్న స్లోగన్ అండీ అది," అన్నారాయన హిందీలో, నొచ్చుకుంటూ. "కావాలంటే మెషీన్ మార్చండి."

మెషీన్ మార్చాలంటే మళ్లీ కమిటీ. అందుకని ఎక్కించాల్సిన టేపులన్నిటికీ నేను పక్కన కూర్చుని మౌస్ కదుపుతూ పోయాను. ఇరవై ఏళ్లు పైబడిన నా సర్వీసులో, ఫలితం కళ్లెదుట కనిపించిన పని అదొక్కటే. నా చెయ్యి నొప్పెడితే ఆమె అందుకునేది.

పాలక మండలి సినిమా చూసింది. శాస్త్రవేత్త నోరూ మాటా కలిశాయి. చప్పట్లు కొట్టారు. సకాలంలో స్టెబిలైజర్ కొన్న కమిటీని డైరెక్టర్ గారు సభాముఖంగా అభినందించారు.

వారం తర్వాత ఆమెకు ఉత్తర్వు వచ్చింది. నా బల్ల దగ్గర నిలబడి చదివింది.

"స్టెబిలైజర్‌తో పని చేయడంలో అనుభవం ఉన్నందున ఇంకో ఆరు నెలలు పొడిగించారంట సార్. నా ఎడిటింగ్ మాటే లేదు ఇందులో!"

"జీతం ఎవరి పేరు మీద వస్తుంది?"

ఇంకోసారి చూసింది. "నా పేరే ఉంది."

"అయితే సంతకం పెట్టమ్మా, ఇంకెవరైనా చదివేలోపు."

నవ్వుతూ నా పెన్నే అడిగి తీసుకుంది.