నలభై నిమిషాల గొంతు

తిప్పేష్ పుట్టింది గార్లదిన్నె దగ్గర ఒక పల్లెలో, గొర్రెలు మేపుకునే ఇంట్లో. నాలుగో ఏట అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. వాళ్ల నాయన తిప్పయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కొడుకుకు ఎనిమిదేళ్లు రాగానే అంధుల బడిలో చేర్చి, గేటు దగ్గర భుజం మీద చెయ్యేసి, "ఈడ నాలుగు అచ్చరాలు నేర్చుకో. మనూర్లో నీకు పనేం లేదు" అని వెళ్లిపోయాడు. ఆ మాటలో విసుగు లేదని తిప్పేష్‌కు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అప్పటికి చెప్పడానికి నాయన లేడు.

1989లో తిప్పేష్‌కు అనంతపురంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం వచ్చింది. నీళ్ల ట్యాంకర్లు, పశుగ్రాసం, కరువు పనులు చూసే ఆఫీసు అది. మెట్ల కింద చిన్న గది, గదిలో ఫోన్లు కలిపే బోర్డు, చెవికి ఫోను. మండలాల నుంచి వచ్చే ప్రతి మాటా ముందు అతని చెవిలో పడి, ఆ తర్వాతే ఆఫీసరు దగ్గరికి పోయేది. ఎవరికి జలుబు చేసిందో, ఎవరు ఇంట్లో గొడవపడి వచ్చారో 'హలో' అనగానే చెప్పేవాడు. పెళ్లి చేసుకోలేదు. రెండు సంబంధాలు వచ్చి, వచ్చినట్లే పోయాయి. దాన్ని గురించి అతను ఎవరితోనూ మాట్లాడింది లేదు.

1999లో అందరి బల్లల మీదికీ నేరుగా ఫోన్లు వచ్చేశాయి. బోర్డును విప్పి గోనెసంచిలో కట్టుకుపోయారు. గది, కుర్చీ మిగిలాయి. తిప్పేష్ పదింటికి వచ్చి ఐదింటికి పోయేవాడు. అటెండరు ఆదెప్ప టీ గ్లాసు చేతికిస్తూ, "నీ అంత అదృష్టం ఎవరికుండాదన్నా. కూర్చోబెట్టి జీతమిస్తాండారు" అనేవాడు. తిప్పేష్ నవ్వి ఊరుకునేవాడు. గోడ అవతల ఫోన్లు మోగేవి. ఎవరూ ఎత్తకపోతే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేవాడు. ఏడో మోతకు అతని కుడిచెయ్యి తనకు తెలియకుండానే బల్ల మీద కదిలేది. నాలుగేళ్లు అట్లా గడిచాయి.

2003లో బెంగళూరులో ఒక స్వచ్ఛంద సంస్థ అతన్ని పిలిచి మూడు నెలలు కంప్యూటర్ నేర్పింది. పంపేటప్పుడు ఎవరో వాడి ఇచ్చేసిన పాత కంప్యూటర్ ఒకటి, అందులో ఒక ప్రోగ్రాము పెట్టి ఇచ్చారు. తెర మీద ఏముందో, వేలు ఏ అక్షరం మీద పడిందో ఆ ప్రోగ్రాము పైకి చదివి చెప్పేది. ఇంగ్లీషు మాత్రమే చదివేది. ఆఫీసు ఉత్తరాలూ ఇంగ్లీషులోనే కాబట్టి సరిపోయింది. గొంతు మాత్రం ఏ దేశానిదో, రాప్తాడును 'ర్యాప్‌టాడూ' అనేది. గార్లదిన్నె దానికి అసలు నోరు తిరిగేది కాదు. మొదటి వారం ఆఫీసంతా ఆ గదిలోకి వచ్చి విని నవ్విపోయారు.

"పాపం, మన ఊర్లు చూసినోడు కాదులే" అంది పుష్పావతి. ఆమె సీనియర్ అసిస్టెంట్. తిప్పేష్ కంటే ఐదేళ్లు పెద్ద.

నవ్వులు అయిపోయాక అతను ఆ యంత్రంతో ఒంటరిగా మిగిలాడు. అప్పుడు తన పేరుతో వచ్చిన ఒక మెయిలు చదువుకున్నాడు. బెంగళూరులో పాఠం చెప్పిన మాస్టారు రాసిన నాలుగు వాక్యాలు. మూడుసార్లు చదివించుకున్నాడు. అప్పటిదాకా తిప్పేష్‌కు వచ్చిన ప్రతి ఉత్తరమూ ఇంకొకరి నోట విన్నదే. చదివేవాళ్లకు తొందరగా ఉంటే సంగతి తొందరగా వినబడేది, జాలిగా ఉంటే జాలిగా వినబడేది. నాయన పోయిన కబురు హాస్టలు వార్డెను చదివాడు, మధ్యలో దగ్గు వస్తే ఆగి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టి. చుట్టూ పిల్లలు వింటూ ఉన్నారు. ఆ యంత్రపు గొంతులో మాత్రం తొందర లేదు, జాలీ లేదు. తనకొచ్చిన మాట ముందు తనకే తెలిసింది.

ఆ తర్వాత ఐదేళ్లు తిప్పేష్‌కు చేతినిండా పని. ట్యాంకర్ల ఉత్తరాలు, గ్రాసం కేంద్రాల నివేదికలు, టూరు డైరీలు అన్నీ అతని గదికే వచ్చేవి. పుష్పావతి ఎదురుగా కూర్చుని చెబుతుంటే కొట్టేవాడు. "తిప్పేష్ కొట్టిన లెటర్లో తప్పు చూపిస్తే నేను చీర కొనిస్తా" అని ఆమె టైపిస్టులను ఎగతాళి చేసేది.

2008 ఆగస్టులో పైఆఫీసు నుంచి సీడీలు వచ్చాయి. అన్ని కంప్యూటర్లలోనూ ఉత్తరాలు రాసే పాత ఆఫీసు ప్రోగ్రాము తీసేసి కొత్తది పెట్టాలని ఉత్తర్వు. కాంట్రాక్టు మీద పనిచేసే మారుతి అనే టెక్నీషియన్ వచ్చి రెండు రోజుల్లో అన్నిటికీ పెట్టాడు. ఆ రెండు రోజులూ తిప్పేష్ సోమందేపల్లెలో బంధువుల పెళ్లికి పోయి ఉన్నాడు.

మూడో రోజు వచ్చి, గది తెరిచి, స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది. డిస్కు గరగరలాడింది. ఆ గరగర ఎప్పుడు ఆగుతుందో, ఆగిన ఎంతసేపటికి గొంతు మొదలవుతుందో అతనికి వేళ్ల మీద లెక్క. ఆగింది. గొంతు రాలేదు. స్పీకరు తీగ తడిమి చూశాడు, సరిగ్గానే ఉంది. ఒక మీట నొక్కాడు. ఏమీ లేదు. పక్కది నొక్కాడు. పది నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆదెప్పను పిలిచి మారుతిని రమ్మన్నాడు.

"నీ సిస్టం పాతది గదన్నా, కొత్తది తట్టుకోలేకపోయింది. సగంలో ఆగిపాయ. మళ్లీ లేయలేదు" అన్నాడు మారుతి. "నీ లెటర్లు పక్కకు తీసిపెట్టి, మొత్తం తుడిచేసి పాత ప్రోగ్రాములే మళ్లీ ఎక్కించినా. అన్నీ ఉండాయి చూడు."

"నా ప్రోగ్రాము?"

"అది గూడా నీ సీడీలోంచే పెడతాండా, ఇప్పుడే."

"తుడిచేముందు ఫ్లాపీలోకి తాళం వెనక్కి తీసుకున్నావా?"

ఆ ప్రోగ్రాముకు తాళంచెవి లాంటి ఫ్లాపీ ఒకటి ఉండేది. అందులోని అనుమతిని ఒకసారి యంత్రంలోకి ఎక్కిస్తే ఫ్లాపీ ఖాళీ అయిపోతుంది. యంత్రాన్ని తుడిచే ముందు మళ్లీ ఫ్లాపీలోకి తీసుకోవాలి. తీసుకోకపోతే పోయినట్లే. అలాంటిదొకటి ఉంటుందని మారుతికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి పెళ్లిలో ఉన్నాడు.

"నాకు తెలీదన్నా" అన్నాడు మారుతి. అతని గొంతులో నిజమే ఉంది. తిప్పేష్‌కు కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకపోయింది.

బెంగళూరుకు ఫోను చేస్తే, అంత పాత ప్రోగ్రాముకు మళ్లీ తాళం ఇవ్వడం లేదని, దాని కొత్త రకం ఆ యంత్రం మీద నడవదని, కొత్త కంప్యూటర్ కావాలని చెప్పారు. తాళం లేకుండా కూడా గొంతు పలుకుతుంది, కానీ నలభై నిమిషాలే. ఆ తర్వాత యంత్రాన్ని ఆపి మళ్లీ వేయాలి.

నలభై నిమిషాలు అయ్యేముందు హెచ్చరిక ఏమీ ఉండేది కాదు. వాక్యం మధ్యలో, కొన్నిసార్లు మాట మధ్యలో ఆగిపోయేది. ఆపి మళ్లీ వేస్తే లేచేసరికి ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ అతను ఆగిపోయిన మాటను మనసులో పట్టుకుని కూర్చునేవాడు. అక్కడికీ అలవాటు చేసుకున్నాడు. ఇంకో చిక్కు దానికంటే పెద్దది. కొత్త ఆఫీసు ప్రోగ్రాములో రాసిన ఫైళ్లు అతని యంత్రంలో తెరుచుకునేవి కావు. పుష్పావతి ప్రతి ఫైలునూ పాత పద్ధతిలోకి మార్చి పంపేది. అక్టోబరులో ఆమెను సోమందేపల్లెకు బదిలీ చేశారు.

పోయే రోజు గదిలోకి వచ్చి, "ఫైళ్లు మారుస్తా ఉండమని జయంతికి చెప్పినా" అంది.

ఆమె స్థానంలో వచ్చిన జయంతి మంచి పిల్లే. ఒక వారం మార్చి పంపింది. తర్వాత పని ఎక్కువై మరిచిపోయింది. మార్చడం కంటే తనే కొట్టుకోవడం సులువని ఆమెకు అనిపించి ఉంటుంది. దీపావళి నాటికి తిప్పేష్ గదికి ఆదెప్ప టీ తప్ప ఇంకేమీ రావడం లేదు.

తిప్పేష్ పైఆఫీసుకు వినతి రాశాడు. మూడు పేరాలు. రెండో పేరా మధ్యలో ఒకసారి, చివర సంతకం దగ్గర ఒకసారి గొంతు ఆగింది. 'ప్లీజ్' అనే మాట రెండుచోట్ల పడితే ఒకటి తీసేశాడు. ప్రింటు తీయించి, మెయిలు కూడా పంపాడు.

జనవరిలో ఒక సోమవారం జవాబు వచ్చింది. ఎవరు పంపారో, దేని గురించో గొంతు చదివింది. కింద ఒక ఫైలు జత చేసి ఉందంది. తెరవబోయాడు. తెరుచుకోలేదు. జవాబు కూడా కొత్త ఆఫీసు ప్రోగ్రాములోనే రాశారు.

పది అడుగులు నడిస్తే జయంతి బల్ల. అడిగితే చదివిపెడుతుంది. అందరూ వింటుండగా చదువుతుంది. సోమవారం అతను లేవలేదు. మంగళవారం కూడా లేవలేదు. ఆ మెయిలు శీర్షిక మాత్రం రోజుకు నాలుగైదుసార్లు చదివించుకునేవాడు. ఆదెప్ప అడిగాడు.

"జవాబు వచ్చిందంట గదన్నా. ఏమని రాసినారు?"

"చూడాలప్పా" అన్నాడు తిప్పేష్.

బుధవారం మధ్యాహ్నం ఆ మెయిలును పుష్పావతికి పంపి, బయటి ఎస్టీడీ బూత్ నుంచి ఆమె ఆఫీసుకు ఫోను చేశాడు.

"అక్కా, ఒక లెటరుండాది. చదువుతావా?"

"యాడి నుంచి?"

"పైనుంచి. ఊరికే చదువు. ఏమీ అనుకోకుండా చదువు."

ఆమెకు అర్థమైంది. గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడదీసి, ఎక్కడా ఎత్తకుండా దించకుండా చదివింది. వినతిని పరిశీలించాం. జిల్లాలో ఈ సదుపాయం కావలసిన ఉద్యోగి ఒక్కరే అయినందున విడిగా కొనడం వీలుకాదు. తదుపరి కొనుగోళ్లలో పరిశీలించబడును.

"అంతేనా?"

"అంతే తిప్పేషూ. కింద సంతకం."

లైనులో హోరు వినిపించింది. ఆమె ఆఫీసు జాతీయ రహదారి పక్కనే.

"ఆడెట్లుండాదక్కా?" అన్నాడు.

"ఏముండాది. లారీలు పోతాంటాయి. నాకు తెలిసినోళ్లు ఎవరూ లేరు ఈడ. అన్నం గూడా ఒక్కదాన్నే తింటాండా." ఆగి, "బుధారం బుధారం ఫోను చెయ్యరాదూ. లెటర్లు లేకపోయినా" అంది.

చేశాడు. ఏడాది పొడుగునా దాదాపు ప్రతి బుధవారం. ఆమె మాట్లాడేది, అతను వినేవాడు. మిగతా రోజులు పాత యంత్రం ముందు కూర్చుని, నలభై నిమిషాలు పాత ఉత్తరాలనే చదివించుకుని, ఏడు నిమిషాలు ఆగి, మళ్లీ చదివించుకునేవాడు.

2009 డిసెంబరులో ఆఫీసుకు వచ్చిన పదకొండు కంప్యూటర్లలో ఒకటి అతని గదిలో దిగింది. మారుతే వచ్చి బిగించాడు. చదివే ప్రోగ్రాము కొత్తది ఎక్కించి, ఈసారి ఫ్లాపీకి బదులు అంకెలతో వచ్చిన తాళం కాగితాన్ని మూడు కాపీలు తీసి, ఒకటి తిప్పేష్ జేబులో పెట్టాడు. ఈసారి గొంతు వేరే మనిషిది, ఇంకా స్పష్టంగా ఉంది. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగకపోయినా చదవడానికి ఏమీ లేదు. ఏడాదికి పైగా ఉత్తరాలు ఎవరికి వాళ్లు కొట్టుకోవడం అలవాటు చేసుకున్నారు.

వారం చూశాడు. ఎనిమిదో రోజు లేచి, గోడ పట్టుకుని జయంతి బల్ల దాకా నడిచాడు.

"ఏమన్నా లెటర్లుంటే ఇయ్యమ్మా."

"పర్లేదన్నా, నేనే కొట్టుకుంటా. మీకెందుకు శ్రమ."

"శ్రమ కాదు. ఇయ్యి."

జయంతి కాసేపు కాగితాలు అటూ ఇటూ తిప్పింది. రాప్తాడు మండలంలో రెండు పల్లెలకు ట్యాంకర్లు పెంచమని కలెక్టరేటుకు రాయాల్సిన ఉత్తరం ఒకటి తీసి, పక్కన కుర్చీ లాగి, "కూర్చోండి, చెప్తా" అంది. అతను కూర్చోలేదు. "నా గదికి రా అమ్మా, ఆడ చెబుదువు" అన్నాడు. ఆమె లేచి వెంట వెళ్లింది.

ఆ రోజుకు ఆ ఒక్క ఉత్తరమే.