సున్నం కింద అంకె

గొర్రెల కాపరీ తలలు లెక్కపెడతాడు, ప్రభుత్వమూ లెక్కపెడుతుంది. కాకపోతే ఒకటి తగ్గితే కాపరి వెతుక్కుంటూ వెళతాడు. చాలా ఊళ్లు తిరిగాక తేలిన తేడా ఇది.

నేను గది అద్దెకు తీసుకున్న సందులో, పక్కింట్లో సున్నాలాయన ఉండేవాడు. ముప్ఫై ఏళ్లుగా ఊరి గోడలకు సున్నం కొట్టి కొట్టి కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి. భార్య సరిహద్దు అవతల పుట్టిన మనిషి. ఇరవై ఏడేళ్ల కాపురం, చేతిలో కాగితం ముక్క లేదు. ఈసారి జనాభా లెక్కలో పేరెక్కితే పౌరసత్వం ఇస్తామన్నారు. ఎక్కకపోతే శిబిరమే.

ముందు ఒకడొచ్చి ఇంటింటి గోడ మీదా ఎర్ర రంగుతో అంకె వేసిపోయాడు. మనుషుల్ని రాసుకునే గుమాస్తా వారం తర్వాత వస్తాడట.

"పేరు రాసుకోడానికొచ్చే మనిషి ఈ మసిగోడ చూడాలా?" అంది ఆవిడ.

"దీపం కింద చీకటుంటుందే."

"పెళ్లయిన్నాటి నుంచీ ఇదే సామెత! ఊరందరి గోడలకీ ఉన్న భాగ్యం నా గోడకి లేదా?"

మర్నాడే మూడు పూతలు వేశాడు. గోడ మీద ఏమున్నా చెరిపేయడమే ఆ చేతికొచ్చిన చదువు. గోడ పాలమీగడలా తేలింది.

గుమాస్తా వచ్చాడు. "పదిహేడు తర్వాత పంతొమ్మిది. పద్దెనిమిదేదీ?"

"ఇదే బాబూ. పొరపాటున సున్నం కొట్టేశాను. ఉండండి, గీకి చూపిస్తా."

గీకాడు. ఎరుపు పొడై రాలిందే తప్ప అంకె తేలలేదు.

"మనుషులం ఎదురుగా కనిపిస్తున్నాం కదయ్యా!" అంది ఆవిడ.

"నేను అంకె చూసి మనుషుల్ని రాస్తానమ్మా. మనుషుల్ని చూసి అంకె వెయ్యను." పద్దెనిమిదికెదురుగా 'ఖాళీ స్థలం' అని రాసుకుని పోయాడు.

పది రోజుల్లో ఆవిణ్ని పక్క జిల్లాలోని శిబిరానికి తీసుకెళ్లారు. అక్కడ లెక్క తప్పలేదు. ఎండలో వరసగా నిలబెట్టి మరీ తలలు లెక్కపెట్టారు. ఓటు లేకపోయినా తల తలే. ఆ తలల బలంతో ఆ వైపు చట్టసభలో ఒక సీటు పెరిగింది, మా వైపు ఒకటి తగ్గింది.

కొత్త సీటులో గెలిచినాయన శిబిరం చూడటానికి వస్తున్నాడని బయటి గోడకు సున్నం కొట్టమన్నారు. పిలిచింది మా సున్నాలాయన్నే. వెళ్లాడు.

"మా ఆవిడ లోపలుంది బాబూ. ఒక్కసారి చూడనిస్తారా?" అని పేరు చెప్పాడు.

"పేర్లు మా దగ్గరుండవు పెద్దాయనా," అన్నాడు కాపలావాడు. "ఆవిడ అంకె ఎంత?"

తెలీదన్నాడు.

"అయితే గోడ కానివ్వు. ఇంకో పూత పడాలి."