చిన్నాయన కప్పిపెట్టిన గేమ్

మా చిన్నాయనకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి పెట్టి నాలుగు డబ్బులు వెనకేసుకున్న ప్రతి పెద్దమనిషికీ ఈ జబ్బు ఉంటుంది గానీ, ఈయనకు ముదిరిపోయింది. నా ఖర్మ కాలి, నా గేమ్‌కు పెట్టుబడి పెట్టింది ఆయనే.

గేమ్ చీర నేత మీద. ఫోన్ స్క్రీన్ మీద మగ్గం ఉంటుంది. అడుగున ఉన్న బటన్ నొక్కితే, అడ్డపోగును మోసే నాడె నిలువు పోగుల మధ్య నుంచి దూసుకెళ్తుంది. అంచు తప్పకుండా నేసినవాళ్లకు తర్వాతి మగ్గం. బొమ్మలన్నీ పెనుకొండలో ఉండే నా స్నేహితురాలు గీసింది. కోడ్ హిందూపురంలో మా మిద్దె మీది గదిలో కూర్చుని నేను రాశాను. బెంగళూరు ఉద్యోగం మానేసి మరీ వచ్చాను. గేమ్ నిలబడితే సొంత ఊళ్లో సొంత పని. పడిపోతే మళ్లీ పోయి ఏదో బ్యాంకు యాప్‌కు రంగులు మారుస్తూ కూర్చోవాలి.

ముందు ఆండ్రాయిడ్‌కు చేద్దాం, మన జనం చేతుల్లో ఉండేవి అవే అన్నాను. చిన్నాయన తన ఐఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మా అంగడికొచ్చే పెద్దింటోళ్ల చేతుల్లో ఇదే ఉండాది పాపా. దీంట్లో రాకుంటే నా మర్యాదేం కావల్ల?"

ఒకే కోడ్ రెండింటికీ పనికొస్తుంది, నిజమే. కానీ ఐఫోన్‌కు తయారు చేయాలంటే మ్యాక్ కంప్యూటర్ కావాలి, ఏటా ఫీజు కట్టాలి. పాత మ్యాక్ ఒకటి కొనేసరికి చేతిలో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. పరీక్షించి చూడటానికి చౌక ఫోన్లు నాలుగు కొనే గతి కూడా లేదు.

"దానికేముందే, హిందూపురం బస్టాండులో నిలబడదాం. కనిపించినోళ్ల ఫోన్లలో వేసి చూస్తే సరిపోతాది," అంది స్నేహితురాలు. పైసా ఖర్చు లేని ఉపాయం. ఆ మాటే చిన్నాయనతో అన్నాను.

ఆయన అదిరిపడ్డాడు. ధర్మవరంలో కొత్త డిజైన్ మగ్గం మీద ఉన్నన్నాళ్లూ, బయటివాళ్లు వస్తే దాని మీద పంచె కప్పేస్తారు. పక్కవాడి కంట పడిందా, మన చీర మగ్గం దిగకముందే వాడి చీర అంగట్లో ఉంటుంది. చీరకు అది న్యాయమే. గేమ్‌కూ అదే సూత్రమట!

"బయటోని ఫోన్లో వేస్తే ఇంగేముండాది? తెల్లారేసరికి వాడూ ఒకటి చేసి వదుల్తాడు. ఎవరికీ చూపొద్దు. నీ ఫోను, నా ఫోను, అంతే."

నేను కళ్లు పోగొట్టుకుని చేసినదాన్ని బస్టాండులో బఠాణీలు నములుతున్న మనిషి తెల్లారేసరికి చేసేస్తాడట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఎంత మొత్తుకున్నా వినలేదు. రెండు స్టోర్లలోనూ ఖాతా ఆయన అంగడి పేరు మీదే ఉంది మరి.

విడుదల రోజు టెంకాయ కొట్టాడు. ఐఫోన్‌లో గేమ్ చక్కగా నడిచింది. కానీ పెద్దింటివాళ్లు ఒక్కరూ డౌన్‌లోడ్ చేసుకోలేదు. వాళ్లకు చీర కావాలి గానీ మగ్గం ఎందుకు? చేసుకున్నదంతా మామూలు ఫోన్లవాళ్లే. ఆ ఫోన్లలో స్క్రీన్ అడుగున, యాప్ నుంచి బయటికి వచ్చే గుర్తులుంటాయి కదా, నా ఫోన్‌లో అవి లేవు, మా నాడె బటన్ సరిగ్గా పోయి వాటి మీద కూర్చుంది. నేద్దామని నొక్కితే గేమే మూసుకుపోయింది. "ఆడదామంటే బయటికి తోస్తాండాది" అని రాసి ఎవరో ఒక్క స్టార్ ఇచ్చారు. మిగతావాళ్లూ అదే బాట పట్టారు. ఆ పొద్దే సరిచేసి పెట్టాను. ఏం లాభం? విసిగి తీసేసినవాళ్లు మళ్లీ ఎక్కించుకుంటారా? బస్టాండులో మొదటి ఫోనే చెప్పేది ఈ సంగతి. కోపంతో ఏడ్చాను.

"జనానికి టేస్టు లేదులే పాపా," అని తేల్చేశాడు మహానుభావుడు.

బెంగళూరులో పాత కంపెనీలోనే చేరాను. జీతం తగ్గించి మరీ తీసుకున్నారు. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో తింటుంటే చిన్నాయన ఫోన్ చేశాడు.

"పాపా, మగ్గాలన్నీ నేసేస్తి. కొత్తవి ఎప్పుడు పెడతావు? అందరూ అడుగుతాండారు."

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, ల్యాప్‌టాప్‌లో ఆడేవాళ్ల లెక్క తీసి చూశాను. ఈ లోకంలో నా గేమ్ ఆడే మనిషి ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ ఇప్పుడు లైన్లో ఉన్నాడు.